చిల్లర్ కొనకుండా వర్ట్ చల్లార్చడం: ఏ పద్ధతి ఎవరికి, ఏ దశలో

ఇంట్లో బీర్ చేసుకునేవాళ్లకి వర్ట్ (మాల్ట్, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన ధాన్యం నుంచి తీసిన తియ్యటి ద్రవం, ఈస్ట్‌తో పులిస్తే అదే బీర్) కాయడం కంటే దాన్ని చల్లార్చడమే పెద్ద తలనొప్పి. గంటసేపు మరిగిన వర్ట్ పొయ్యి ఆపేసరికి 100 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఏల్ రకం బీర్‌కి ఈస్ట్ వేయాలంటే అది 18 నుంచి 20 డిగ్రీలకి దిగాలి. చల్లగా పులిసే లాగర్ రకం అయితే ఇంకా కిందికి, 8 నుంచి 12కి. 20 లీటర్ల గిన్నెని మూతపెట్టి అలాగే వదిలేస్తే ఆ దిగడానికి రాత్రంతా పడుతుంది. ఖరీదైన ప్లేట్ చిల్లర్ (వర్ట్ చల్లార్చే పరికరం) జోలికి పోకుండా, ఇంట్లో ఉన్న టబ్బుతోనో, ఫ్రీజర్‌తోనో, కొంచెం రాగి గొట్టంతోనో ఆ పని ఎంత త్వరగా అవుతుందో, దేనిలో ఏ ఇబ్బంది ఉందో చూద్దాం.

ముందే నా అభిప్రాయం చెప్పేస్తాను. 100 నుంచి 20 దాకా మొత్తం దారి ఒకే పద్ధతితో దిగాలని చూస్తే ఐస్ అయినా వృథా అవుతుంది, నీళ్లయినా వృథా అవుతాయి, లేదంటే టైమ్ అయినా పోతుంది. 100 నుంచి 60 వరకు దాదాపు ఏది వాడినా పని జరుగుతుంది. 60 నుంచి 35 వరకు మామూలు నీళ్లు చాలు. కష్టమంతా ఆ చివరి 15 డిగ్రీల్లోనే ఉంది, ఐస్ అక్కడి కోసం దాచుకోవాలి. కింద చెప్పే పద్ధతులన్నిటినీ నేను ఈ మూడు దశల్లో పెట్టే చూస్తున్నాను.

అసలు తొందర ఎందుకు

మొదటి కారణం క్రిములు. మరిగే వర్ట్‌లో బీర్‌ని పాడుచేసే క్రిములేవీ బతకవు. 60 డిగ్రీల కిందికి వచ్చాక మాత్రం అదే వర్ట్ బాక్టీరియాకి విందు భోజనం: చక్కెర నిండా ఉంది, ఆల్కహాల్ ఇంకా లేదు, ఆమ్లత్వం కూడా పెద్దగా లేదు. ఈస్ట్ వేసేలోపు ఎన్ని గంటలు ఆ గోరువెచ్చని స్థితిలో ఉంటే, పులుపు తెచ్చే లాక్టోబాసిల్లస్‌కీ గాలిలో తిరిగే అడవి ఈస్ట్‌కీ అంత అవకాశం ఇచ్చినట్టు.

రెండోది వాసన. మాల్ట్‌లో ఎస్‌ఎంఎం అనే పదార్థం ఉంటుంది. వేడికి అది విడిపోయి డీఎంఎస్ అవుతుంది, ఉడికించిన మొక్కజొన్న వాసన దానిదే. మరుగుతున్నంతసేపూ డీఎంఎస్ ఆవిరితో పాటు వెళ్లిపోతూ ఉంటుంది. పొయ్యి ఆపి మూత పెట్టేశాక కొత్తది పుడుతూనే ఉంటుంది కానీ బయటికి పోయే దారి ఉండదు. లేత రంగు పిల్స్‌నర్ మాల్ట్‌లో ఎస్‌ఎంఎం ఎక్కువ, ఎక్కువ వేడిలో ఆరబెట్టిన పేల్ ఏల్ మాల్ట్‌లో తక్కువ. కాబట్టి లేత రంగు లాగర్ చేసేవాళ్లకి ఉన్నంత తొందర, ముదురు ఏల్ చేసేవాళ్లకి ఉండదు.

మూడోది హాప్స్, అంటే బీర్‌కి చేదూ సువాసనా ఇచ్చే పువ్వులు. దాదాపు 80 డిగ్రీల వరకు చేదు దిగుతూనే ఉంటుంది. చివరి నిమిషంలో సువాసన కోసం వేసిన హాప్స్ వేడిలో ఎక్కువసేపు కూర్చుంటే సువాసన పోయి చేదు పెరుగుతుంది. ఇక నాలుగోది కంటికి కనబడేది. త్వరగా చల్లారే వర్ట్‌లో ప్రోటీన్లు గడ్డకట్టి, విరిగిన పాలలాగా తునకలు తునకలుగా విడిపోతాయి. దీన్నే కోల్డ్ బ్రేక్ అంటారు. టార్చి వేసి గిన్నెలోకి చూస్తే, కాసేపటి క్రితం మసకగా ఉన్న వర్ట్‌లో తునకల మధ్య ద్రవం అద్దంలా తేటపడటం కనిపిస్తుంది. నెమ్మదిగా చల్లారితే ఇది సరిగ్గా జరగదు. ఆ ప్రోటీన్లు బీర్‌లోనే మిగిలి, ఫ్రిజ్‌లో పెట్టినప్పుడల్లా మబ్బు పట్టిస్తాయి. రుచికి పెద్ద నష్టం లేదు. గోధుమ బీర్ చేసేవాళ్లు దీని గురించి టెన్షన్ పడక్కర్లేదు.

ఒక చిన్న లెక్క, దీని మీదే అన్నీ ఆధారపడతాయి

20 లీటర్ల వర్ట్‌ని వేడి విషయంలో 20 లీటర్ల నీళ్లతో సమానంగా అనుకోవచ్చు. దాన్ని 100 నుంచి 20కి దించాలంటే దాదాపు 6,700 కిలోజౌళ్ల వేడి బయటికి లాగాలి. ఒక కిలో ఐస్ కరగడానికి 334 కిలోజౌళ్లు పీలుస్తుంది, కరిగిన నీళ్లు 20 డిగ్రీలకి వచ్చేసరికి ఇంకో 84. అంటే కిలోకి మొత్తం 418. ఐస్‌తోనే పని మొత్తం చేయాలంటే కనీసం 16 కిలోలు కావాలి. మామూలు ఇంటి ఫ్రిజ్ ఫ్రీజర్‌లో అంత ఐస్ పట్టదు.

అదే వర్ట్‌ని ముందు మామూలు నీళ్లతో 40 డిగ్రీలకి తెచ్చి, ఆ తర్వాత ఐస్ వాడితే? 40 నుంచి 20కి 1,675 కిలోజౌళ్లే. 4 కిలోల ఐస్ సరిపోతుంది. చుట్టూ ఉన్న గాలి, టబ్బు కూడా కొంత చలిని తినేస్తాయి కాబట్టి 5 లేదా 6 కిలోలు పెట్టుకోండి. 5 లీటర్ల చిన్న బ్యాచ్‌కి ఇందులో నాలుగో వంతు. మరిగే గిన్నె చుట్టూ ఐస్ గుమ్మరించేవాళ్లని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. 90 డిగ్రీల వర్ట్‌కి 28 డిగ్రీల నీళ్లు కూడా చాలా చల్లనివే. అక్కడ ఐస్ ఖర్చు చేస్తే, కావాల్సినప్పుడు చేతిలో ఏమీ మిగలదు.

టబ్బులో గిన్నె

అందరూ మొదట చేసేది ఇదే. పెద్ద టబ్బులోనో సింక్‌లోనో గిన్నె పెట్టి చుట్టూ చల్లటి నీళ్లు పోయడం. ఖర్చు లేదు, శానిటైజేషన్ గొడవ లేదు, వర్ట్‌ని బయటి వస్తువేదీ తాకదు. 5 నుంచి 8 లీటర్ల బ్యాచ్‌లకి ఇంతకంటే మంచి పద్ధతి వెతకడం దండగ. సరిగ్గా చేస్తే 20, 25 నిమిషాల్లో అయిపోతుంది. 20 లీటర్లకి వచ్చేసరికి గంట దాటుతుంది, ఎందుకంటే గిన్నె పెద్దదయ్యేకొద్దీ లోపలి ద్రవం పెరిగినంతగా గిన్నె ఉపరితలం పెరగదు.

ఈ పద్ధతిలో ఎక్కువమంది వదిలేసే పని కలపడం. గిన్నె పెట్టిన రెండు నిమిషాలకి టబ్బు నీళ్లలో వేలు పెట్టి చూడండి. గిన్నెని ఆనుకుని ఉన్న నీళ్లు చురుక్కుమంటాయి, జానెడు దూరంలో నీళ్లు ఇంకా చల్లగానే ఉంటాయి. గిన్నె లోపల దీనికి తిరగబడి ఉంటుంది: అంచు దగ్గర వర్ట్ చల్లబడింది, నడిమధ్యలో ఇంకా సెగ. కాబట్టి బయటి నీళ్లని చేత్తోనో కర్రతోనో కదుపుతూ ఉండాలి, లోపల వర్ట్‌ని శానిటైజ్ చేసిన స్టీలు గరిటెతో మెల్లగా తిప్పుతూ ఉండాలి. రెండూ చేస్తే పట్టే టైమ్ బాగా తగ్గుతుంది. ఒకటే చేయగలిగితే లోపలిది తిప్పండి. తిప్పడమంటే చిలకడం అనుకోకండి. వేడి వర్ట్‌లోకి గాలి చొప్పించే పని ఇప్పుడు వద్దు, చల్లారాక చేద్దాం.

నీళ్లు ఎప్పుడు మార్చాలన్నది రెండో విషయం. కుళాయి నీళ్లు 28 డిగ్రీలు ఉన్నాయనుకుందాం. 20 లీటర్ల మరిగే వర్ట్ చుట్టూ 40 లీటర్ల నీళ్లు పోసి రెండూ సమానమయ్యేదాకా ఆగితే 52 దగ్గర నిలబడతాయి. ఆ నీళ్లు పారబోసి మళ్లీ 40 లీటర్లు పోస్తే 36కి వస్తుంది. మూడోసారికి 31. అదే 120 లీటర్లు ఒకేసారి పోసి ఉంటే 38 దగ్గర ఆగిపోయేది. నీళ్లు అన్నే, మూడు విడతలుగా వాడినందుకు 7 డిగ్రీల లాభం. నిజానికి పూర్తిగా సమానమయ్యేదాకా ఆగనవసరం లేదు. టబ్బు నీళ్లు స్నానం నీళ్లంత వేడెక్కాయంటే మార్చేయండి. మూడోసారికి గిన్నె 35 చేరువకి వస్తుంది. అప్పుడు తీయండి ఐస్‌ని. ఐస్‌లో గుప్పెడు ఉప్పు వేస్తే ఇంకా చల్లబడుతుందన్నది నిజమే కానీ, 20 డిగ్రీలే గమ్యమైనప్పుడు ఆ ఉప్పు ఖర్చుకి పెద్ద ఫలితం ఉండదు.

ఇక జాగ్రత్త. ఈ పద్ధతిలో అసలైన ప్రమాదం 20 కిలోలకి పైగా బరువున్న మరిగే ద్రవాన్ని పొయ్యి మీంచి ఎత్తి టబ్బు దాకా మోయడం. తడి నేల మీద ఒంటరిగా ఎప్పుడూ మోయకండి. పిడి గట్టిగా లేని గిన్నె అయితే అసలు ఎత్తకండి. అంతకంటే మేలైన దారి ఉంది. టబ్బులో ముందుగానే రెండు చిన్న గిన్నెలు పెట్టుకుని, పొడవాటి పిడి ఉన్న చెంబుతో వర్ట్‌ని వాటిలోకి తోడండి. వర్ట్ 80కి పైన ఉన్నంతవరకు శుభ్రమైన గిన్నెని అదే శుద్ధి చేస్తుంది. పైగా రెండు చిన్న గిన్నెలు ఒక పెద్ద గిన్నె కంటే చాలా త్వరగా చల్లారతాయి. గాజు జాడీలోకి మాత్రం వేడి వర్ట్ పోయవద్దు, పగులుతుంది.

గిన్నెలు చిన్నవి చేస్తే త్వరగా చల్లారుతుంది కదా, మరి వెడల్పాటి పళ్లాల్లో పోస్తే? ఇంకా త్వరగా చల్లారుతుంది. బెల్జియంలో లాంబిక్ బీర్ చేసేవాళ్లు ఇప్పటికీ లోతు లేని పెద్ద తొట్టెల్లో వర్ట్‌ని రాత్రంతా ఆరబెడతారు. అయితే వాళ్లు గాలిలోని అడవి ఈస్ట్‌ని, బాక్టీరియాని కావాలనే ఆహ్వానిస్తారు. మనకి ఆ పులుపు వద్దనుకుంటే పళ్లాలు కూడా వద్దు.

చల్లటి నీళ్లు నేరుగా కలపడం

మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్‌తో (మాల్ట్ ద్రవాన్ని ముందే చిక్కబరిచి అమ్మేది) చేసేవాళ్లకి ఇది అన్నిటికంటే తేలిక. 20 లీటర్ల బీర్‌కి 10 లీటర్ల చిక్కటి వర్ట్ మాత్రమే కాచి, మిగతా 10 లీటర్లు చల్లటి నీళ్లు కలుపుతారు. వినడానికి బాగుంది కానీ మరిగే 10 లీటర్లలో ఫ్రిజ్‌లోంచి తీసిన 4 డిగ్రీల నీళ్లు 10 లీటర్లు పోస్తే వచ్చేది 52 డిగ్రీలు. క్రిములకి ఇష్టమైన చోట సరిగ్గా తెచ్చి వదిలినట్టవుతుంది. అదే 10 లీటర్లని ముందు టబ్బులో పెట్టి 40కి దించి, ఆ తర్వాత 4 డిగ్రీల నీళ్లు పోస్తే 22కి దిగుతుంది. టబ్బు పని సగమే, ఐస్ అక్కర్లేదు, మొత్తం అరగంటలోపు. చిన్న పొయ్యి, చిన్న గిన్నె ఉన్నవాళ్లకి నేను గట్టిగా చెప్పే పద్ధతి ఇది.

కలిపే నీళ్లు మాత్రం ముందురోజే మరిగించి, మూతపెట్టి చల్లార్చి, శానిటైజ్ చేసిన డబ్బాల్లో ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటే మరిగించడంతో పోతుంది. క్లోరమైన్ అంత తేలిగ్గా పోదు, దానికి క్యాంప్‌డెన్ మాత్ర (సల్ఫైట్ మాత్ర) వాడాలి. ఈ రెండింటిలో ఏది మిగిలినా బీర్‌కి ఆసుపత్రి బ్యాండేజీ వాసన వస్తుంది. మరిగించిన నీళ్లలో ఆక్సిజన్ ఉండదు కాబట్టి, ఈస్ట్ వేసేముందు ఫెర్మెంటర్‌ని (బీర్ పులిసే పాత్రని) బాగా కుదిపి గాలి పట్టించండి.

దీనికి చెల్లించే మూల్యం రుచిలో ఉంటుంది. చిక్కటి వర్ట్‌లో హాప్స్ చేదు తక్కువ దిగుతుంది, రంగు కూడా ముదురుతుంది. ఎక్స్‌ట్రాక్ట్‌లో సగం మొదట్లోనూ, మిగతా సగం మరుగు చివర్లోనూ కలిపితే ఈ రెండూ చాలావరకు సర్దుకుంటాయి. ధాన్యం నుంచి మొదలుపెట్టి చేసేవాళ్లకి మొత్తం వర్ట్ ఒకేసారి చేతికొస్తుంది కాబట్టి ఈ పద్ధతి అంత కుదరదు.

నీళ్లకి బదులు ఐస్ వేస్తే మరింత బలం. 60 డిగ్రీల దగ్గర ఉన్న 15 లీటర్ల వర్ట్‌లో 5 కిలోల ఐస్ వేస్తే ఏకంగా 25 దగ్గరికి పడిపోతుంది, అదీ ఐస్ కరిగేంతసేపట్లోనే. ఇంత వేగం ఇచ్చే ఇంటి పద్ధతి ఇంకోటి లేదు. కానీ ఆ ఐస్ మీరే చేసుకుని ఉండాలి: మరిగించిన నీళ్లు, శానిటైజ్ చేసిన మూత ఉన్న డబ్బా. బయట సంచుల్లో అమ్మే ఐస్‌ని వర్ట్‌లో వేయకండి. గడ్డకట్టినంత మాత్రాన బాక్టీరియా అంతా చావదు, చాలావరకు నిద్రపోతుంది అంతే. ఆ ఐస్‌ని టబ్బులో గిన్నె చుట్టూ నిరభ్యంతరంగా వాడుకోవచ్చు.

గడ్డకట్టిన బాటిళ్లు వర్ట్‌లో ముంచడం

నీళ్ల బాటిళ్లు ఫ్రీజర్‌లో పెట్టి, పైన శానిటైజర్ చల్లి, వర్ట్‌లో వేయడం చాలామందికి నచ్చే ఉపాయం. నాకు దీని మీద పెద్ద నమ్మకం లేదు. మామూలు నీళ్ల బాటిల్ ప్లాస్టిక్ 70 డిగ్రీలు దాటితే మెత్తబడి ముడుచుకుంటుంది, కాబట్టి మొదటి దశలో అసలు పనికిరాదు. ప్లాస్టిక్ గుండా వేడి మెల్లగా పోతుంది. లేబుల్ జిగురు, మూత మరల్లో దాగిన మురికి శానిటైజర్‌కి సరిగ్గా అందవు. ఒక్క బాటిల్ లీకైతే లోపలి నీళ్లు వర్ట్‌లోకి వచ్చేస్తాయి. 35 కిందికి వచ్చాక, వేరే దారి లేనప్పుడు మాత్రమే, లేబుళ్లు పీకేసి, మరిగించిన నీళ్లు నింపినవి వాడండి.

స్టీలు బాటిల్ అయితే మేలు, మరిగే నీళ్లలో ముంచి శుద్ధి చేయొచ్చు, చలి కూడా త్వరగా బయటికి వస్తుంది. ఒంటి గోడ బాటిల్ కావాలి. వేడి నిలబెట్టే రెండు గోడల ఫ్లాస్క్ పని వేడిని అటూ ఇటూ పోనివ్వకపోవడమే కాబట్టి అది ఇక్కడ ఎందుకూ పనికిరాదు. నీళ్లు గడ్డకడితే 9 శాతం ఉబ్బుతాయి, పైన ఖాళీ వదలకపోతే స్టీలు కూడా పగులుతుంది.

ఇంట్లో చుట్టిన రాగి కాయిల్

నెలకోసారైనా 15, 20 లీటర్లు కాచేవాళ్లు ఇంకేమీ ఆలోచించకుండా దీనికి రావచ్చు. 10 మిల్లీమీటర్ల మెత్తటి రాగి గొట్టం 8 నుంచి 15 మీటర్లు, రెండు రబ్బరు పైపులు, రెండు క్లాంపులు. అంతే సరంజామా. వర్ట్‌లో కాయిల్ ముంచి లోపల నీళ్లు పారిస్తారు. కుళాయి నీళ్లు చల్లగా ఉంటే 20 లీటర్లు 20, 30 నిమిషాల్లో దిగిపోతాయి. అన్నిటికంటే పెద్ద లాభం, గిన్నెని పొయ్యి మీంచి కదపనక్కర్లేదు.

చుట్టడంలో ఒక మెళకువ ఉంది. ఖాళీ గొట్టాన్ని వంచితే నొక్కుకుపోతుంది. ఒక చివర టేపు వేసి, పొడి మెత్తటి ఉప్పు నింపి, రెండో చివర కూడా మూసి, వర్ట్ గిన్నె కంటే చిన్నదైన గుండ్రటి డబ్బా చుట్టూ నిదానంగా తిప్పండి. గొట్టం నొక్కుకోదు. పని అయ్యాక వేడినీళ్లు పారిస్తే ఉప్పు కరిగి వెళ్లిపోతుంది. చుట్లు ఒకదానికొకటి అతుక్కోకుండా వేలెడు సందు వదలండి, వర్ట్ ఆ సందుల్లోంచి తిరగాలి. రెండు చివర్లనీ గిన్నె అంచు కంటే పైకి లేపి, బయటికి వంచి, కిందికి దించండి. పైపు అతికే చోటు గిన్నె బయట ఉండాలి. క్లాంపు దగ్గర ఎప్పుడో ఒకప్పుడు చుక్కలు కారతాయి, ఆ చుక్కలు నేల మీద పడాలి గానీ వర్ట్‌లో పడకూడదు. ఏసీ పనికి వాడే గొట్టం తీసుకున్నా పర్వాలేదు, కొత్తదై ఉండాలి. పాత గొట్టంలో కంప్రెసర్ నూనె ఉంటుంది, దాన్ని ముట్టుకోకండి. కొత్తదాన్ని కూడా లోపలా బయటా సబ్బు నీళ్లతో కడిగి, తర్వాత వెనిగర్‌తో తుడవండి. రాగి మీద పచ్చటి చిలుము పట్టి ఉంటే అది విషం. పూర్తిగా పోయేదాకా శుభ్రం చేశాకే వర్ట్‌లో పెట్టాలి.

వాడే ముందు ఒకసారి కుళాయి పూర్తిగా తిప్పి, ఉత్త నీళ్లలో పరీక్షించండి. మరుగు ముగియడానికి 15 నిమిషాల ముందు కాయిల్‌ని గిన్నెలో దించితే అదే శుద్ధి అవుతుంది. దించే ముందు లోపల మిగిలిన నీళ్లన్నీ ఊది తీసేయండి. లేకపోతే ఆ నీళ్లు గొట్టంలోనే మరిగి, చివర్లోంచి ఆవిరి, సలసల కాగే నీళ్లు చిమ్ముతాయి. పొయ్యి ఆపి కుళాయి తిప్పగానే బయటికి వచ్చే మొదటి నీళ్లు కూడా కాలేంత వేడిగా ఉంటాయి. పల్చటి పారదర్శక ప్లాస్టిక్ పైపు ఆ వేడికి మెత్తబడి ఊడిపోతుంది. బయటికి వెళ్లే వైపు సిలికాన్ పైపో, లోపల దారం అల్లిన పైపో పెట్టండి. ఆ వేడి నీళ్లని బకెట్‌లో పట్టుకుంటే గిన్నెలు కడగడానికి పనికొస్తాయి.

ఇక్కడా కదిలించడమే కీలకం. కాయిల్‌ని ముంచి ఊరుకుంటే దాని చుట్టూ చల్లటి వర్ట్ పొర ఏర్పడి అక్కడే నిలిచిపోతుంది. కాయిల్‌ని పట్టుకుని మెల్లగా పైకీ కిందికీ ఆడిస్తే బయటికి వచ్చే నీళ్ల వేడి ఒక్కసారిగా పెరగడం చేతికే తెలుస్తుంది. బయటికి వచ్చే నీళ్లకీ లోపలికి వెళ్లే నీళ్లకీ తేడా చేతికి తెలియకుండా పోయిందంటే, ఇక కుళాయి ఇవ్వగలిగింది ఇచ్చేసినట్టే. ఆ తర్వాత పారే నీళ్లన్నీ వృథా.

వేడి ప్రాంతాల్లో ఇదే అసలు చిక్కు. కుళాయి నీళ్లు 30 డిగ్రీలు ఉంటే ఎంత గొప్ప కాయిల్ అయినా వర్ట్‌ని 30 కిందికి దించలేదు. అప్పుడు కుళాయి కట్టేసి, ఒక బకెట్‌లో ఐస్, నీళ్లు కలిపి, ఎయిర్ కూలర్‌లోనో అక్వేరియంలోనో వాడే చిన్న పంపుతో ఆ నీళ్లనే కాయిల్‌లోకి తిప్పండి. బయటికి వచ్చేవి మళ్లీ బకెట్‌లోకే. ఇది 40 కిందికి వచ్చాక మొదలుపెట్టాలి, ముందే పెడితే ఐస్ నిమిషాల్లో కరిగిపోతుంది, అంత వేడి నీళ్లకి ఆ పంపు తట్టుకోదు కూడా. ప్లగ్‌ని తడి తగలని ఎత్తులో ఉంచండి, వైరు ప్లగ్ కంటే కిందికి వేలాడేలా వదిలితే వైరు మీంచి జారే నీళ్లు ప్లగ్‌లోకి పోవు. పంపు లేకపోతే ఐస్ నీళ్ల బకెట్‌ని ఎత్తుమీద పెట్టి సైఫన్‌తో కాయిల్‌లోంచి కిందికి పారించి, కింద పట్టిన నీళ్లని మళ్లీ పైన పోయొచ్చు. చెయ్యి నొప్పి పెడుతుంది కానీ పని జరుగుతుంది.

రాగికి బదులు స్టీలు గొట్టం దొరికితే అదీ మంచిదే, కాస్త నిదానం. రాగి గొట్టాన్ని తోట పైపులోకి దూర్చి, లోపల వర్ట్, బయట నీళ్లు ఎదురెదురుగా పారించే కౌంటర్‌ఫ్లో చిల్లర్ కూడా ఇంట్లో చేసుకోవచ్చు. ముంచే కాయిల్ కంటే అది వేగం. కానీ లోపల హాప్స్ ముక్క ఇరుక్కుంటే కంటికి కనబడదు, శుభ్రమైందో లేదో తెలియదు. కొత్తవాళ్లు దాని జోలికి పోకపోవడమే మంచిది.

అసలు చల్లార్చకుండా వదిలేయడం

ఆస్ట్రేలియాలో బాగా వ్యాపించిన పద్ధతి. వేడి వర్ట్‌ని గట్టి హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ డబ్బాలో నిండుగా నింపి, గాలి లేకుండా పక్కలు నొక్కి, మూత బిగించి, డబ్బాని పక్కకి వాల్చి వేడి వర్ట్ మూతనీ పిడినీ కూడా తాకేలా చేస్తారు. మర్నాటికి అదే చల్లారుతుంది. నీళ్ల కరువు ఉన్నచోట ఇంతకంటే పొదుపైనది లేదు. డబ్బా అడుగున త్రికోణంలో 2 అని ఉండాలి, ఆహారానికి పనికొచ్చేదై ఉండాలి. 1 అని ఉన్న నీళ్ల బాటిల్ రకం వేడికి కుంచించుకుపోతుంది.

చేదు లెక్క మారుతుంది. వర్ట్ చాలాసేపు వేడిగా ఉంటుంది కాబట్టి హాప్స్‌ని మామూలు కంటే 15, 20 నిమిషాలు ఆలస్యంగా వేయాలి. పిల్స్‌నర్ మాల్ట్ వాడితే 60 నిమిషాలకి బదులు 90 నిమిషాలు మరిగించి డీఎంఎస్‌ని ముందే వదిలించుకోవాలి. హాప్స్ సువాసనే ప్రాణమైన బీర్‌లకి నేను దీన్ని సూచించను.

ఒక్క విషయంలో మాత్రం అశ్రద్ధ పనికిరాదు. వర్ట్ పీహెచ్ (ఆమ్లత్వపు కొలత, తగ్గేకొద్దీ పులుపు) 5 పైనే ఉంటుంది. 4.6 పైన, గాలి లేని చోట, గది వేడిలో బొటులిజం తెచ్చే బాక్టీరియా పెరగగలదు. దాని బీజాలు మామూలు మరుగుకి చావవు. కాబట్టి డబ్బాలో నింపిన వర్ట్‌ని వారాల తరబడి దాచుకోవద్దు. చల్లారగానే, మర్నాడే ఈస్ట్ వేసేయండి. ఈస్ట్ పని మొదలుపెడితే పీహెచ్ దానంతటదే దిగుతుంది.

మిగిలినవి

మంచు కురిసే చోట గిన్నెని మంచులో పాతితే చాలనుకుంటారు. పాతిన కాసేపటికే చుట్టూ మంచు కరిగి గిన్నెకీ మంచుకీ మధ్య ఖాళీ ఏర్పడుతుంది. పొడి మంచులో గాలే ఎక్కువ, అది వేడిని బయటికి పోనివ్వదు. ఆ మంచుని టబ్బు నీళ్లలో కలిపి వాడితే బోలెడంత లాభం.

తడి గుడ్డ చుట్టి ఫ్యాన్ పెట్టడం నిదానమైన పని, కానీ చివరి నాలుగైదు డిగ్రీలకి బాగుంటుంది. ఒక లీటరు నీళ్లు ఆవిరవుతూ 2,400 కిలోజౌళ్ల దాకా వేడి తీసుకెళ్తాయి, గాలి పొడిగా ఉంటేనే. ఇదే సూత్రం మొదటి దశలోనూ ఉచితంగా పనిచేస్తుంది. పొయ్యి ఆపగానే మూత పెట్టకుండా 80 వరకు తెరిచి ఉంచితే ఆవిరితో పాటు వేడీ, డీఎంఎస్సూ పోతాయి. అక్కడి నుంచి మూత తప్పనిసరి.

నాకు అన్నిటికంటే తెలివైనదిగా అనిపించే దారి ఈస్ట్‌ని మార్చుకోవడం. పశ్చిమ నార్వే పల్లెల్లో తరతరాలుగా వాడే క్వైక్ అనే ఈస్ట్‌ని 30 నుంచి 40 డిగ్రీల వేడిలోనే వేస్తారు. ఆ వేడిలో కూడా అది చెడు రుచులు ఇవ్వదు, కొన్ని రకాలు నారింజ వాసన ఇస్తాయి. కుళాయి నీళ్లు ఎప్పుడూ 30 దగ్గరే ఉండేవాళ్లకి దీనితో ఆ కష్టమైన చివరి దశ మొత్తం ఎగిరిపోతుంది. పిల్స్‌నర్ లాంటి లాగర్ మాత్రం దీనితో రాదు.

మరి మీకేది

5 నుంచి 8 లీటర్లు చేసేవాళ్లు టబ్బు, నీళ్లు మూడుసార్లు మార్చడం, చివర్లో రెండు కిలోల ఐస్ చాలు. కాయిల్ కొనకండి. ఎక్స్‌ట్రాక్ట్‌తో 20 లీటర్లు చేస్తూ గిన్నె చిన్నదైతే సగం కాచి, 40కి దించి, ఫ్రిజ్ నీళ్లు కలపండి. ధాన్యంతో 20 లీటర్లు తరచుగా చేసేవాళ్లకి కాయిల్. కుళాయి నీళ్లు 25 దాటితే దానికి పంపు, ఐస్ బకెట్ తోడు. నీళ్లకి కటకట ఉంటే హెచ్‌డీపీఈ డబ్బా, మర్నాడే ఈస్ట్. వేడి ప్రాంతంలో ఉండి ఏల్ రుచులే ఇష్టమైతే ముందు ఒకసారి క్వైక్ ప్రయత్నించి, ఆ తర్వాతే రాగి మీద డబ్బు పెట్టండి. లాగర్ చేయాలనుకునేవాళ్లు మాత్రం ఈ పద్ధతుల్లో ఏదైనా 20 దాకా తెచ్చి, మిగతా 10 డిగ్రీలకి ఫెర్మెంటర్‌ని ఫ్రిజ్‌లో పెట్టాల్సిందే.

ఏది వాడినా థర్మామీటర్‌ని ఒకే చోట ముంచి నమ్మకండి. వర్ట్‌ని తిప్పి, మధ్యలో లోతున చూడండి. పైన 20 చూపిస్తున్నప్పుడు కింద 30 ఉండొచ్చు, దీనికి తిరగబడి కూడా ఉండొచ్చు. ఐస్ అయిపోయి 27 దగ్గర ఆగిపోయిందా? మామూలు ఏల్ ఈస్ట్‌ని ఆ వేడిలో వేయకండి, ఘాటైన ఆల్కహాల్ వాసనలు వస్తాయి, అవి తర్వాత పోవు. శానిటైజ్ చేసిన ఫెర్మెంటర్‌లోకి వర్ట్‌ని మార్చి, మూతపెట్టి, ఇంట్లో అన్నిటికంటే చల్లటి చోట ఉంచండి. శుభ్రత పాటించి ఉంటే నాలుగైదు గంటలు ఆగినా, తెల్లారేదాకా ఆగినా వర్ట్ పాడవదు. 20కి దిగాక బాగా కుదిపి ఈస్ట్ వేయండి.